కర్ర ఊపే ఆయన ఏమి వాయిస్తాడు?

కండక్టరు అనే మాట వినగానే మనలో చాలామందికి భుజాన తోలుసంచీ, చేతిలో టిక్కెట్ల కట్ట గల ఆర్టీసీ ఉద్యోగి జ్ఞాపకానికి వస్తారు. మా చిన్నతనంలో ఆయన "రైట్" అననిదే బస్సు కదిలేది కాదు. అయినా బస్సును నడిపేది ఆయన కాదు. సంగీతలోకంలోని కండక్టరుకు కూడా ఈ పోలిక కొంతవరకు సరిపోతుందని ఇప్పుడు అనిపిస్తున్నది గాని, అవసరమైన రోజున మాత్రం ఈ మాట మాకు స్ఫురించలేదు.

ఆ రోజు 2013 సెప్టెంబరు 7. శ్రీనగర్‌లోని షాలిమార్ బాగ్‌లో జుబిన్ మెహతా నిర్వహణలో జర్మనీ దేశపు బవేరియన్ స్టేట్ ఆర్కెస్ట్రా కచేరీ చేసింది. దూరదర్శన్ దానిని ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. మా టౌన్‌షిప్పు క్లబ్బులోని టీవీ గదిలో ఆ సాయంత్రం నలుగురైదుగురం మాత్రమే ఉన్నాము. చినారు చెట్ల నడుమ నల్లదుస్తుల వాద్యకారులు, వారికి ఎదురుగా చిన్న పీటవంటి వేదికపై తెల్లజుట్టు మెహతా. 1936లో బొంబాయిలో పుట్టిన ఈ పార్సీ పెద్దమనిషి తండ్రి మెహ్లీ మెహతా వయొలిన్ విద్వాంసుడు. బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రాను నెలకొల్పినవారు. కుమారుడు వియన్నా వెళ్ళి విద్య నేర్చి, 1978 నుండి 1991 వరకు న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌కు సంగీత దర్శకుడుగా ఉన్నారు. ఈ వివరాలన్నీ మేము ప్రక్కవారికి కొంత గర్వంగానే విన్నవించాము.

మా ప్రక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం ఈ వివరాలను లక్ష్యపెట్టలేదు. ఆయనను ఇక్కడ మేస్త్రీ గారు అనే పిలుచుకుందాము. మా సంస్థలో పనిచేస్తున్న కుమారుని వద్దకు వచ్చి ఉంటున్నారు. తాను వేరొక కర్మాగారంలో, భారీ యంత్రభాగాలను క్రేనుతో ఎత్తించే గ్యాంగులో ముప్పై ఏండ్లకు పైగా పనిచేసి రిటైరైనవారు. ఆయన కాసేపు తెరవంకే చూసి అడిగారు.

"అంతమంది వాయిస్తన్నారు గదా. ఆ ముందర నిలబడి కర్ర ఊపుతున్నాయన ఏటి వాయిస్తన్నాడు బాబూ?"

ఆయన ఏమీ వాయించరనీ, అందరిచేతా వాయింపజేస్తారనీ మేము పుస్తకంలోని మాట చెప్పాము. మేస్త్రీ గారు ఒక క్షణం ఊరుకొని, "అయితే నా లాంటోడే. ఈయన పోస్టు మీ వోళ్లు ఇంకా తీసెయ్యనేదా?" అని నవ్వారు. గదిలో ఉన్నవారు కూడా నవ్వారు. మేము నవ్వలేకపోయాము. ఎందుకో తరువాత చెబుతాము. ముందు ఆయన మొదటి ప్రశ్నకు, ఆనాడు చెప్పలేకపోయిన జవాబును సావకాశంగా చెప్పుకోవలసి ఉన్నది.

మన సంగీతానికి అలవాటుపడిన చెవులకు ఈ ప్రశ్న సహజమే. కర్ణాటక కచేరీలో గాయకుడు, వయొలిన్, మృదంగం, మహా అయితే ఘటమో, కంజిరయో. అందరూ ఒక తివాచీ మీద ఒకరి ఊపిరి ఒకరికి వినిపించేటంత దగ్గరగా కూర్చుంటారు. గాయకుడు తొడమీద వేసే తాళమే అందరికీ ఆధారం. ముందు వరుసలోని శ్రోతలు సైతం ఆ తాళం వేస్తూనే ఉంటారు. హరికథలో దాసుగారి చేతిలోని చిడతలు, కూచిపూడి ప్రదర్శనలో నట్టువాంగం చేసేవారి చేతిలోని తాళాలు ఈ పనినే చేస్తాయి. కానీ వారందరూ పాడుతూనో, మోగిస్తూనో, చెప్పుతూనో ఆ పని నెరవేరుస్తారు. ఏ చప్పుడూ చేయకుండా అందరికంటె ఎత్తున నిలబడే మనిషి మన సంప్రదాయంలో లేడు. ఆ అవసరం మనకు రాలేదు గనుక లేడు.

అవసరం ఎక్కడ వస్తుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. సాంకేతిక సంస్థ పత్రిక గనుక పాఠకులు ఈ లెక్కను సహిస్తారని ఆశ. సింఫనీ ఆర్కెస్ట్రాలో ఎనభై నుండి వందమంది వరకు కూర్చుంటారు. ఎడమ అంచున ఉన్న వయొలిన్‌కూ, కుడివైపు వెనుక ఉన్న ఇత్తడి వాద్యాలకూ మధ్య ఇరవై మీటర్ల దూరం ఉన్నదనుకుందాము. గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. అంటే ఆ వయొలిన్ నాదం ఆ ట్రంపెట్ వాద్యకారునికి చేరటానికి సెకనులో దాదాపు పదిహేడవ వంతు పడుతుంది. ఇది ఎంత, రెప్పపాటు కూడా కాదు గదా అనవచ్చు. నిమిషానికి 120 దెబ్బల నడకలో, దెబ్బకు నాలుగు స్వరాల చొప్పున వాయిస్తే ఒక్కొక్క స్వరానికి దక్కేది సెకనులో ఎనిమిదవ వంతు. అనగా చెవిని నమ్ముకొని వాయించిన ట్రంపెట్ దాదాపు అరస్వరం వెనుకబడుతుంది. అతని నాదం విని వయొలిన్ సర్దుకోబోతే ఇంకొక అరస్వరం. ఆ తరువాత జరిగేది సంగీతం కాదు, సంత. కంటికి ఈ ఆలస్యం లేదు. కర్ర చివరను అంచున కూర్చున్నవాడు ఎప్పుడు చూస్తాడో నడుమ కూర్చున్నవాడూ అప్పుడే చూస్తాడు. ఆ తెల్లని కర్రకు మూలకారణం ఇదే.

మన దేశంలోనూ వాద్యకారుల సంఖ్య పెరిగినప్పుడు ఈ అవసరం వచ్చింది. ఆకాశవాణి 1952లో ఢిల్లీలో వాద్యవృంద పేరిట జాతీయ వాద్యబృందాన్ని ఏర్పరచినప్పుడు పండిత రవిశంకర్ వంటివారు దానికి నిర్దేశకులైనారు. తరువాతి కాలంలో ద్రాక్షారామంలో జన్మించిన మన వైణికులు ఈమని శంకరశాస్త్రి గారు ఆ బాధ్యత వహించారు. మద్రాసులో జెమినీ స్టూడియో వాద్యబృందంలో చేయి తిరిగిన అనుభవం అక్కడ వారికి అక్కరకు వచ్చి ఉంటుంది. మన రాగాలలోని గమకాన్ని కాగితం మీద పెట్టి ఇరవైమంది చేత ఒక్క తీరున పలికించటం ఎంత కష్టమో వీణ ముట్టినవారికి తెలుసు.

ఇక చేతుల సంగతి. సాధారణంగా కుడిచేయి కాలాన్ని చూపుతుంది. నాలుగు దెబ్బల నడకలో మొదటిది క్రిందికి, రెండవది ఎడమకు, మూడవది కుడికి, నాలుగవది పైకి. మన ఆదితాళంలో వేళ్ళు లెక్కించినట్లే ఇందులోనూ ఏ దెబ్బ ఎన్నవదో చూసినవారికి తెలిసిపోతుంది. ఎడమచేయి మిగిలిన సంసారమంతా చూసుకుంటుంది. ఒకరిని లోనికి పిలవటం, ఒకరిని తగ్గమనటం, ఇంకొకరిని సాగదీయమనటం. అయితే గమనించవలసిన కిటుకు ఒకటి ఉన్నది. కర్ర, జరుగుతున్న దెబ్బను చూపదు, రాబోయే దెబ్బను చూపుతుంది. క్రిందికి దిగేముందు పైకి లేచే ఆ కదలికలోనే నడక ఎంత వేగమో, నాదం ఎంత బలమో వాద్యకారులు చదువుకుంటారు. గొట్టపు వాద్యం ఊదేవారు ఆ క్షణంలోనే ఊపిరి పీలుస్తారు. చప్పుడు వినబడేసరికి కండక్టరు ఆ పని ముగించి తరువాతి పనిలో ఉంటారు. చూసేవారికి ఆయన సంగీతానికి తగినట్లు చేతులు ఊపుతున్నట్లు కనబడటానికి కారణం ఇదే. నిజానికి వెంబడించేది ఆయన కాదు.

1808లో వియన్నాలో మొదటిసారి వినిపించిన బీథోవెన్ అయిదవ సింఫనీని ఇందుకు ఉదాహరణగా చెప్పవచ్చు. దాని ఆరంభంలోని నాలుగు స్వరాల పిలుపు సంగీతం తెలియనివారికి కూడా పరిచితమే. ఆ సింఫనీలో మొట్టమొదట ఉన్నది స్వరం కాదు, నిశ్శబ్దం. తాళపు మొదటి దెబ్బ ఖాళీగా పడుతుంది, దాని వెనువెంటనే స్వరాలు దూకుతాయి. మన శాస్త్రభాషలో అనాగత గ్రహమన్నమాట. ఒక్కరు వాయించేటప్పుడు ఇది సులువే. అరవైమంది ఒక్కసారిగా ఖాళీ దెబ్బను మనసులో కొట్టుకొని ఒక్క ప్రాణంగా మొదలుపెట్టాలంటే ఆ ఖాళీ ఎక్కడ పడిందో కంటికి చూపేవారు ఉండాలి. ఆ నాలుగవ స్వరంపై నిలుపుమన్న గుర్తు ఉన్నది. ఎంతసేపు నిలపాలో కాగితం మీద లేదు. అరవైమందికి అరవై అభిప్రాయాలు ఉండటం న్యాయమే గాని, నిలిపేది ఒక్కసారే.

మరొక సంగతి మాకు చాలాకాలం తెలియదు. వాద్యకారుని ముందున్న పుస్తకంలో అతని వాద్యానికి సంబంధించిన స్వరాలు మాత్రమే ఉంటాయి. మిగిలినవారు ఏమి వాయిస్తారో అందులో ఉండదు. అన్ని వాద్యాల వరుసలూ ఒకదాని క్రింద ఒకటిగా ఉన్న సమగ్ర ప్రతి కండక్టరు ముందే ఉంటుంది. అదే అయిదవ సింఫనీలో ట్రాంబోన్ వాద్యకారులు మొదటి మూడు భాగాలూ వాద్యం ఒడిలో పెట్టుకొని కూర్చుంటారు. నాలుగవ భాగంలో గాని వారికి పని లేదు. ద్వోర్జాక్ 1893లో రచించిన 'న్యూ వరల్డ్' సింఫనీలో తాళాలు మోగించేవారికి మొత్తం మీద ఉన్నది ఒకే ఒక్క దెబ్బ, అదీ మెల్లగా. చాలాసేపు లెక్కపెట్టుకుంటూ కూర్చొని ఆ ఒక్క దెబ్బ తప్పితే ఆ మనిషి గతి ఏమి? కండక్టరు ఆ సమయానికి అటు తిరిగి చూసే ఒక్క చూపు అతనికి ఎంత ధైర్యమో మనం ఊహించుకోవచ్చు.

కచేరీనాడు మనం చూసేది ఈ మొత్తం పనిలో చివరి అంకం మాత్రమే. అసలు పని అంతకుముందు రిహార్సల్ గదిలో జరిగిపోతుంది. ట్రంపెట్ ముందు కూర్చున్నవారికి వేణువు వినబడదు. తాను ఎక్కువ వాయిస్తున్నానో, తక్కువ వాయిస్తున్నానో ఎవరికి వారికి తెలియదు. ఎదుట నిలబడిన మనిషికి తెలుస్తుంది. ఆయన ఆపుతారు, చెబుతారు, మళ్ళీ వాయింపజేస్తారు. ఈ పనికి నియంతృత్వ స్వభావం తోడైన కండక్టర్లు చరిత్రలో తక్కువేమీ కాదు. వారి కోపతాపాల కథలను గొప్పలుగా చెప్పుకోవటం మాకు రుచించదు.

వెనుకటి రోజుల్లో ఈ పని చప్పుడుతోనే జరిగేది. ఫ్రాన్సు రాజు పధ్నాలుగవ లూయీ ఆస్థానంలో ఝాన్ బాప్తిస్త్ లుల్లీ అనే సంగీతకారుడు పొడవైన దండాన్ని నేలకు కొడుతూ తాళం చూపేవాడు. 1687లో, రాజు జబ్బు నుండి కోలుకున్న సందర్భంగా జరిగిన సంగీత సభలో ఆ దండం తన కాలివ్రేలికే తగిలింది. గాయం కుళ్ళింది, ప్రాణం పోయింది. వృత్తిలో జరిగిన ప్రమాదాల జాబితాలో దీనికి తప్పక స్థానం ఉండాలి. తరువాత చాలాకాలం మొదటి వయొలిన్ వాద్యకారుడో, కీబోర్డు ముందు కూర్చున్నవాడో వాయిస్తూనే నడిపించేవారు. వాద్యాలు పెరిగాయి, రచనలు క్లిష్టమైనాయి, పంతొమ్మిదవ శతాబ్దంలో కర్ర పట్టుకొని విడిగా నిలబడే పద్ధతి స్థిరపడింది. 1835లో లైప్‌జిగ్ ఆర్కెస్ట్రా బాధ్యత చేపట్టిన మెండెల్‌సన్ అందుకు మార్గదర్శి అయినవారిలో ఒకరు.

1824లో వియన్నాలో బీథోవెన్ తొమ్మిదవ సింఫనీ మొదటి ప్రదర్శన నాటి ముచ్చట కూడా మరువరానిది. అప్పటికి ఆయనకు చెవులు దాదాపు పూర్తిగా వినబడవు. అయినా వాద్యకారుల ముందు నిలబడి ఉద్వేగంతో చేతులు ఊపుతూ ఉన్నారు. పక్కనే ఉమ్లౌఫ్ అనే కండక్టరు కూడా ఉన్నారు. వారందరూ ఉమ్లౌఫ్‌నే చూడాలనీ, బీథోవెన్ చేతులను పట్టించుకోవద్దనీ ముందే చెప్పి ఉంచారట. సంగీతం ముగిసిన తరువాత కూడా ఆయన సభకు వెన్నుచూపి నిలబడి ఉండగా గాయని ఒకరు భుజం పట్టి త్రిప్పారనీ, అప్పుడు గాని ఆయన ప్రజల చప్పట్లను చూడలేదనీ చెబుతారు. ఆ రచన ఆయనది. నాటి కండక్టరు మాత్రం ఆయన కాదు.

అసలు ఈ మనిషి లేకుండా జరగదా? జరుగుతుంది. జరిపి చూపినవారు ఉన్నారు. సోవియట్ రష్యాలో, అందరూ సమానులైన సమాజంలో ఒకరు కర్ర పట్టి మిగిలినవారిని ఆడించటమేమిటని, 1922లో మాస్కోలో పెర్‌సింఫాన్స్ అనే పెద్ద ఆర్కెస్ట్రాను కండక్టరు లేకుండా ప్రారంభించారు. ఒకరి ముఖం ఒకరికి కనబడేటట్లు వలయంగా కూర్చొనేవారు. 1932 వరకు అది నడిచింది, మెప్పు కూడా పొందింది. 1972లో న్యూయార్క్‌లో ప్రారంభమైన ఆర్ఫియస్ అనే చిన్న ఆర్కెస్ట్రా కూడా కండక్టరు లేకుండానే పేరు తెచ్చుకున్నది. అక్కడ నాయకత్వం ఒక్కొక్క రచనకు ఒక్కొక్కరికి మారుతుంది. అయితే ఈ బృందాలు రిహార్సల్స్‌కు మామూలుకంటె చాలా ఎక్కువ కాలం వెచ్చించవలసి ఉంటుంది. ప్రతివారూ ఇతరుల వరుసలను కూడా నేర్చుకోవాలి, ప్రతి నిలుపు మీదా చర్చించి ఒక మాటకు రావాలి. మనిషిని తీసివేయవచ్చు గాని పనిని తీసివేయలేదు. పంచుకున్నారు, పంచుకోవటానికి కాలం ఇచ్చారు.

మేము ఆ కాలం ఇవ్వలేదు. ఇక్కడ మా కథ చెప్పక తప్పదు.

ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో మేము మరొక కర్మాగారంలో వర్క్ స్టడీ విభాగంలో ఉండేవారము. స్టాప్‌వాచీ, అట్ట, పెన్సిలు పట్టుకొని మనుషుల వెంట తిరిగి ఎవరు ఎంతసేపు పనిచేస్తున్నారో గడులలో గుర్తులు పెట్టటం మా వృత్తి. మరమ్మతుల షెడ్డులో క్రేను గ్యాంగును పదకొండు రోజులు పరిశీలించాము. పైన క్రేను ఆపరేటరు, క్రింద స్లింగులు తగిలించేవారు ఇద్దరు, వీరికి దూరంగా నిలబడి చేతితో సంజ్ఞలు చేసే మేస్త్రీ. స్లింగు పట్టడు, హుక్కు ముట్టడు. మా ఫారంలో ఆయన పేరుకు ఎదురుగా అన్నీ ఖాళీ గడులే. సంజ్ఞలను స్లింగు తగిలించేవారే ఇవ్వవచ్చుననీ, ఈ పోస్టు అనవసరమనీ నివేదిక వ్రాశాము. అక్షరదోషం ఒక్కటి లేకుండా టైపు చేయించాము కూడా. పైవారు అంగీకరించారు. మేస్త్రీ గారిని స్టోర్సుకు మార్చారు.

మూడు నెలలు బాగానే గడిచింది. ఒకనాడు రాత్రి షిఫ్టులో పన్నెండు టన్నుల గేర్‌బాక్సును పునాది మీద దింపుతున్నారు. ఇద్దరు స్లింగర్లూ చెరొక ప్రక్క ఉన్నారు. ఒకరికి రెండవవారు కనబడరు. ఇటువైపువాడు తన అంచు సరిగా కూర్చున్నదని దింపమన్నాడు. అటువైపువాడు తనవైపు బోల్టు రంధ్రం కలవలేదని చేతితో సర్దుతూ, రెండవ చేతితో ఎత్తమన్నాడు. ఆపరేటరుకు ముందు కనబడింది ఇటువైపు సంజ్ఞ. ఆ కుర్రవాని కుడిచేతి మూడు వ్రేళ్ళు పోయాయి. విచారణలో మా నివేదిక ప్రస్తావన రాలేదు. ఆరునెలలలోగా ఆ పోస్టు వేరొక పేరుతో తిరిగి వచ్చింది. స్టోర్సు నుండి మేస్త్రీ గారు షెడ్డుకు వచ్చారు. మేము బదిలీపై వెళ్ళిపోయాము. మమ్మల్ని ఒక్కరు ఒక్క మాట అనలేదు. ఇన్నేండ్ల తరువాత క్లబ్బులో టీవీ ముందు కలుసుకునేవరకు ఆయనా అనలేదు, నవ్వుతూనైనా.

క్రేను పనిలో ఒక నియమం ఉన్నది. కదలికకు సంజ్ఞ ఇచ్చేది ఒక్కరే. ఆపమనే సంజ్ఞ మాత్రం ఎవరిచ్చినా ఆపరేటరు ఆపవలసిందే. ఆర్కెస్ట్రాలో ఈ రెండవ సదుపాయం లేదు. నియమాలు పుస్తకంలో ఉన్నాయనీ, మేము ఆ పుస్తకం చదివే నివేదిక వ్రాశామనీ కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. రెండు ప్రక్కలూ ఒకేసారి కనబడే చోట నిలబడటమే ఒక పని అని మా ఫారంలో గడి లేదు.

షాలిమార్ బాగ్‌లో ఆ సాయంత్రం కశ్మీరీ వాద్యకారులు కూడా తమ వాద్యాలతో జర్మనీ వారితో కలిసి వాయించారు. ఒకరి సంగీతం మరొకరికి అలవాటు లేనిది. నడుమ మెహతా ఒక్కరే ఇరువైపులా చూస్తూ ఉన్నారు. ఆ సమయంలోనే మేము ధైర్యం చేసి, ఆ కుర్రవాడు ఇప్పుడు ఎలా ఉన్నాడని అడిగాము.

"ఆడా? కుర్రోడేటి, తాతయిపోనాడు. వాలంటరీ తీసుకుని కిళ్ళీకొట్టు ఎట్టుకున్నాడు. ఎడంసేత్తోనే సున్నం రాసీస్తాడు. మీరొస్తే కట్టిస్తాడు," అన్నారు మేస్త్రీ గారు, తెర మీదినుండి చూపు త్రిప్పకుండానే.

కచేరీ చివరికి వచ్చింది. ఒకచోట నాదం సన్నగిల్లి దారమంత అయింది. మెహతా కర్ర కొద్దికొద్దిగా మాత్రమే కదులుతున్నది, ఎడమ అరచేయి క్రిందికి తిరిగి నిలకడగా ఉన్నది. ఎందుకో ప్రక్కకు చూశాము. మేస్త్రీ గారి కుడిచేతి చూపుడువ్రేలు ఒడిలో నేలవైపుగా చిన్న సున్నాలు చుడుతున్నది. ఎడమ అరచేయి దానిపై కదలకుండా ఉన్నది. 'మెల్లగా దింపు' అని క్రేను ఆపరేటరుకు చెప్పే సంజ్ఞ అది. తాను అలా చేస్తున్నట్లు ఆయనకు తెలియదు.

చివరి నాదం ఆగిన తరువాత కూడా మెహతా చేతులు ఒక్క క్షణం గాలిలోనే ఉన్నాయి. అవి దిగిన తరువాత గాని ఎవరూ కదలలేదు.

"దింపీసేడు బాబూ," అన్నారు మేస్త్రీ గారు. "ఎక్కడా తగల్లేదు."